సైన్‌బోర్డుల షాపు పెడుతున్నారా? మెషిన్ కొనేముందు ఇవి చూసుకోండి

కొత్త షాపు తెరిచే ఎవరికైనా ముందు బోర్డు కావాల్సిందే. అందుకే చిన్న పట్టణాల్లోనూ సైన్‌బోర్డుల పనికి గిరాకీ ఉంటుంది. అలాగని అప్పు చేసి మొదట్లోనే పెద్ద ఫ్లెక్సీ ప్రింటర్ కొంటే ఇబ్బందే. ప్లాస్టిక్ ఫ్లెక్సీలపై నిషేధం విధిస్తామని 2022లో ఏపీ ప్రభుత్వం ప్రకటించడంతో, వాటిపైనే ఆధారపడినవాళ్లు ఆందోళనకు గురయ్యారు.

మొదలుపెట్టడానికి 24 అంగుళాల వినైల్ కటింగ్ ప్లాటర్, కంప్యూటర్, యూపీఎస్ చాలు. నేమ్‌బోర్డులు, షాపు అద్దాలపై అక్షరాలు, బండ్ల స్టిక్కర్లు వీటితోనే చేయొచ్చు. ఫ్లెక్సీ ఆర్డర్లు వస్తే ప్రింటర్ ఉన్నవాళ్ల దగ్గర వేయించి ఇవ్వొచ్చు.

డిజైన్‌కు కోరల్‌డ్రా లేదా ఉచితంగా దొరికే ఇంక్‌స్కేప్ వాడొచ్చు. ప్లాటర్ మీ సాఫ్ట్‌వేర్‌తో, మీ విండోస్ వెర్షన్‌తో పనిచేస్తుందో లేదో డబ్బు కట్టకముందే నడిపించి చూడాలి.

అసలు చిక్కు తెలుగు అక్షరాల దగ్గరే. పాత అను ఫాంట్లు యూనికోడ్‌వి కావు. అవి లేని కంప్యూటర్‌లో ఫైల్ తెరిస్తే అక్షరాలు గజిబిజిగా కనిపిస్తాయి. కాబట్టి బయటికి పంపేముందు అక్షరాలను కర్వ్స్‌గా మార్చాలి. చాలా ఫాంట్లలో గుణింతాలు, ఒత్తులు విడి ముక్కలుగా వచ్చి అక్షరంపై పడతాయి. వాటిని వెల్డ్ చేసి కలపకపోతే బ్లేడు ఆ చోట కూడా కోసేస్తుంది, వినైల్ వృథా అవుతుంది.

కొత్త రోల్ వేసిన ప్రతిసారీ టెస్ట్ కట్ తప్పనిసరి. వినైల్ తెగాలి, కింది కాగితం తెగకూడదు.

చివరగా, కటింగ్‌కు ముందే డిజైన్‌ను కస్టమర్‌కు వాట్సాప్‌లో పంపి ఓకే చెప్పించుకోవాలి. ఒక్క అక్షరం తప్పుపడినా బోర్డు ఖర్చు షాపువాళ్లే భరించాల్సి వస్తుంది.