గోమారి జ్వరాల చరిత్రలో తెలుగువారి భాగం

గోమార్లు కుట్టడం వల్ల సోకే మచ్చల జ్వరాలకు కారణమైన రికెట్సియా అనే బాక్టీరియా ప్రయోగశాలలో గాజుపళ్లెంలోని పోషకాహారంపై పెరగదు; బతకాలంటే అది మరొక ప్రాణి కణం లోపలికి చేరక తప్పదు. మనిషిలో అది రక్తనాళాల లోపలి పొరను ఆశ్రయిస్తుంది కనుక, ఆ పొర దెబ్బతిన్న చోటల్లా నెత్తురు ఊరి, అరచేతుల్లో, అరికాళ్లలో సైతం ఎర్రని మచ్చలు తేలుతాయి.

అమెరికాలోని మోంటానా రాష్ట్రంలో బిట్టర్‌రూట్ లోయను భయపెట్టిన ఇటువంటి జ్వరం గోమారి ద్వారానే వ్యాపిస్తుందని హోవార్డ్ టేలర్ రికెట్స్ 1906లో గినీ పందులపై ప్రయోగాలతో నిరూపించాడు. నాలుగేళ్లకే, ఒంటి పేల ద్వారా వచ్చే టైఫస్ జ్వరాన్ని మెక్సికో నగరంలో పరిశోధిస్తూ ఆ జబ్బుకే బలయ్యాడు. 1916లో రోషా లిమా టైఫస్ క్రిమికి నామకరణం చేసినప్పుడు రికెట్స్ పేరును, అదే పరిశోధనలో ప్రాణం కోల్పోయిన ప్రొవాజెక్ పేరును జతచేశాడు.

భారతదేశంలో ఈ చరిత్ర ఒక వైద్యుడి సొంత జబ్బుతో మొదలవుతుంది. కుమావూన్ కొండల్లోని సాత్‌తాల్ దగ్గర గోమారి కుట్టిన తరువాత జ్వరపడిన జాన్ మెగా తన అనుభవాన్ని 1917లో ప్రచురించి, 1921లో ఇటువంటి జ్వరాలకు గోమార్లే వాహకాలు కావచ్చునని ప్రతిపాదించాడు. భారతీయ టిక్ టైఫస్ అని నేడు పిలిచే ఈ జ్వరపు క్రిమికి ప్రధాన వాహకం గోధుమరంగు కుక్క గోమారి. తెలుగు పల్లెలకు అది కొత్త పురుగేమీ కాదు. కుక్క చెవి మడతల్లో, కాలివేళ్ల సందుల్లో ఆముదపు గింజలా ఉబ్బి వేలాడేది నెత్తురు తాగిన ఆడ గోమారి. అది కడుపు నిండాక రాలిపడి, గోడ పగుళ్లలోకి పాకి, వేల కొద్దీ గుడ్లు పెడుతుంది. అటువంటిదాన్ని గోళ్ల మధ్య నలపడం మంచిది కాదు, ఎందుకంటే దాని ఒంట్లో క్రిమి ఉన్నట్లయితే చర్మపు గీతల గుండా కూడా మనిషిలోకి ప్రవేశించగలదు.

రోగకారణం తెలిసినా మందు దొరకడానికి నాలుగు దశాబ్దాలు పట్టింది. కోడిగుడ్డులో పెరిగే పిండపు పచ్చసొన సంచిలో రికెట్సియాలను విస్తారంగా పెంచవచ్చని 1938లో మోంటానాలోనే చూపిన హెరాల్డ్ కాక్స్, తరువాత న్యూయార్క్ రాష్ట్రంలో పర్ల్ రివర్ వద్ద ఉన్న లెడర్లీ ప్రయోగశాలలో చేరాడు. అక్కడి పరిశోధనలకు సారథి, 1895లో భీమవరంలో పుట్టి, రాజమండ్రిలోను మద్రాసులోను చదువుకున్న ఎల్లాప్రగడ సుబ్బారావు. ఆయన నాయకత్వంలో, డెబ్బై ఏళ్లు దాటిన వృక్షశాస్త్రవేత్త బెంజమిన్ డగ్గర్ నానాచోట్ల మట్టి నమూనాలను జల్లెడ పట్టి, మిస్సోరి విశ్వవిద్యాలయపు పొలం మట్టిలోని బంగారు ఛాయ గల సూక్ష్మజీవి నుంచి 1945లో ఆరియోమైసిన్‌ను కనుగొన్నాడు. పెన్సిలిన్‌కు లొంగని రికెట్సియాలను ఈ మందు అణచగలదని కాక్స్ ప్రయోగశాల చూపింది; 1948లోనే మచ్చల జ్వరపు రోగులపైనా అది పనిచేసినట్లు వైద్యులు ప్రకటించారు. ఆ ఏడాది జులైలో మందు లోకానికి వెల్లడి కాగా, ఆగస్టులో సుబ్బారావు కన్నుమూశారు. నేడు ఈ జ్వరాలన్నిటికీ మొదట వాడే డాక్సీసైక్లిన్ ఆరియోమైసిన్ కుటుంబానికి చెందినదే: అది కణం లోపలికి చొచ్చుకుపోయి, క్రిమి ప్రోటీన్లను తయారుచేసుకోకుండా ఆపుతుంది. ఫోలిక్ ఆమ్లంతో పాటు ఆరియోమైసిన్ ఘనతను కూడా తెలుగువారు సుబ్బారావు పేరున చెప్పుకోవలసి ఉంది.

ఆంధ్ర దేశంలో మాత్రం ఈ జ్వరాలు చాలాకాలం టైఫాయిడ్, మలేరియా, డెంగీల నీడలోనే ఉండిపోయాయి. 1916 నాటి వీల్-ఫెలిక్స్ రక్తపరీక్ష కచ్చితమైనది కాకపోయినా, మెరుగైన పరీక్షలు అందని చోట ఇంకా దానిమీదే ఆధారపడవలసి వచ్చింది. హైదరాబాద్ నిమ్స్ ఆసుపత్రి వైద్యులు 2014లో ఆంధ్రప్రదేశ్‌లోని స్క్రబ్ టైఫస్ వ్యాప్తిపై నివేదిక ప్రచురించడంతో రోగుల గురించి కొంత స్పష్టత వచ్చింది. స్క్రబ్ టైఫస్ గోమారి వల్ల కాక, పొదల్లోని సూక్ష్మమైన నల్లి పిల్లల వల్ల వచ్చే దగ్గరి జబ్బు; దీని క్రిమిని 1995లో రికెట్సియా నుంచి విడదీసి ఓరియెన్షియా అనే ప్రజాతిలో చేర్చారు. పరీక్ష ఫలితం కోసం ఆగకుండా అనుమానం కలిగిన వెంటనే చికిత్స మొదలుపెట్టాలని భారత వైద్య పరిశోధనా మండలి మార్గదర్శకాలు సూచిస్తున్నాయి. అనుమానానికి అందుబాటులో ఉన్న పెద్ద ఆధారం కుట్టిన చోట ఏర్పడే, సిగరెట్ కాల్చిన మచ్చను పోలిన నల్లని పెచ్చు. నొప్పి లేని ఆ పెచ్చు చంకల్లో, గజ్జల్లో, నడుము బట్ట కింద దాగి ఉంటుంది కనుక, వైద్యుడు రోగి ఒళ్లంతా విప్పి చూస్తేనే కంటపడుతుంది.