ఒప్పందపత్రం లేని అద్దెదారు

ఒప్పందపత్రం లేని అద్దెదారు అనగా వ్రాతపూర్వక ఒప్పందం లేకుండా, నోటిమాటపై ఇతరుల ఇంట్లో కిరాయికి నివసించే వ్యక్తి. కరీంనగర్, ఆదిలాబాద్ పట్టణాలలో తక్కువ అద్దె గల పాత ఇళ్ళకు 1960 నాటి భవనాల (లీజు, అద్దె, ఖాళీ చేయించుట) నియంత్రణ చట్టం వర్తిస్తుంది. పత్రం లేనంత మాత్రాన అద్దెదారు హక్కులు పోవు.

హక్కులు

చెల్లించిన అద్దెకు రశీదు పొందవచ్చు. గడువుపై ఒప్పందం లేనిచో, ఒక నెల అద్దెను మరుసటి నెల చివరి తేదీలోగా చెల్లించవచ్చు. చట్టంలోని కారణాన్ని అద్దె నియంత్రణాధికారి ఎదుట నిరూపించి, ఉత్తర్వు పొందిన తరువాతనే యజమాని ఖాళీ చేయించగలడు.

మినహాయింపులు

2005 సవరణ ప్రకారం నెలసరి అద్దె కరీంనగర్ వంటి నగరపాలక సంస్థలలో రూ.3,500, ఇతర ప్రాంతాలలో రూ.2,000 మించిన ఇళ్ళు ఈ చట్టం క్రిందికి రావు. వాటికి 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం వర్తిస్తుంది. నెలవారీ అద్దె ముగించుటకు 15 రోజుల నోటీసు అవసరం. అద్దె లేకుండా, కేవలం అనుమతితో ఉండేవారు అద్దెదారులు కారు.