జాడ తెలియని పెద్దలు

మా ముత్తాతగారికి ఒక అన్నగారు కలరు. ఆయన ఒకనాడు సంతకని బయలుదేరి మరల ఇల్లు చేరలేదు. గోదావరిలో మునిగెనని కొందరనిరి. కాశీకేగి సన్న్యసించెనని కొందరనిరి. గతించిన తిథి తెలియనందున, మా యింట నేటికిని మహాలయ అమావాస్యనాడే ఆయనకు తర్పణము విడుచుచున్నారు. ఇట్టి కథ మన ప్రాంతమున పెక్కు ఇండ్లలో వినబడును.

ఇట్లు పోయినవారిలో కొందరు ఓడ యెక్కినవారు. బ్రిటిషు ప్రభుత్వము 1833లో బానిసత్వమును రద్దుచేయుచు శాసనము చేసిన పిమ్మట, చెరకుతోటల యజమానులు కూలీలకై మన దేశమువైపు చూచిరి. 1834 నుండి మారిషసునకు, 1860 నుండి దక్షిణాఫ్రికాలోని నేటాలునకు ఒప్పంద కూలీల ఓడలు సాగెను. మారిషసులోను, బర్మాలోను మనవారికి కోరంగీలను పేరు వచ్చుటకు గోదావరీ ముఖమునందలి కోరంగి రేవే కారణము. 1860 నవంబరు 16వ తేదీన మద్రాసునుండి 'ట్రూరో' అను ఓడ డర్బను చేరినది. అది మొదలు 1911 వరకు 1,52,000 మందికి పైగా నేటాలునకు పోయిరి. వారిలో అధికులు మద్రాసులో ఓడ యెక్కినవారే. కరవు, అప్పులు, ఇంటి తగవులు, దళారుల తీపిమాటలు వారిని ఊరు విడిపించెను. ఒప్పందము అయిదేండ్లు, ఉచితముగా తిరిగివచ్చు హక్కు పదియేండ్లకు గాని లేదు. ఉత్తరము వ్రాయ నేర్చినవారు అరుదు.

అయినను, ఇచ్చట జాడ లేనివాడు అచ్చట కాగితముపై ఉండవచ్చును. నేటాలు జాబితాలలో ప్రతి కూలీకి ఒక సంఖ్య కలదు. పేరు, తండ్రి పేరు, వయస్సు, కులము, జిల్లా, గ్రామము, దేహముపైని గుర్తులు వ్రాయబడినవి. మారిషసు పత్రములు మోకాలోని మహాత్మాగాంధీ సంస్థలో భద్రముగా ఉన్నవి. చిక్కు మరియొకటి. ఇంటిపేరునకు గడి లేదు. ఊరి పేరును గుమాస్తా తన చెవికి తోచినట్లు ఆంగ్లాక్షరములలో వ్రాసికొనెను. అప్పన్నలు, రామయ్యలు ఎందరో! వారిలో మనవాడెవడో తేల్చవలసినది ఇంటివారి జ్ఞాపకమే.

ఆయన ఎడమ కనుబొమ్మపై గాయపు మచ్చ ఉండెడిదని, తన అత్తగారి వలన విన్నమాటగా మా నాయనమ్మగారు చెప్పెడివారు. బాల్యమున నేను దానిని పెడచెవిని పెట్టితిని. నేడు నాకు మిగిలిన ఆధారము ఆ మచ్చయే. ఆయన ఇంకను నాకు దొరకలేదు. అడుగవలసిన ప్రశ్నలు పెక్కు కలవు. చెప్పవలసిన నాయనమ్మగారు లేరు.

పాఠక మహాశయులారా! ఈ రజతోత్సవ సంవత్సరమున మన గ్రంథాలయములో ఒక దస్త్రము తెరచెదము గాక. ఏ యింటినుండి ఎవరు వెడలిపోయిరో, వారి తండ్రి పేరేమో, ఊరి పాతపేరేమో, దేహముపై గుర్తేమో, వృద్ధులు జీవించి యుండగనే అడిగి అందు వ్రాయుదము. మనము వారిని వెదకునట్లే, వారి మనుమలును తమ పూర్వుల ఊరిని వెదకుచున్నారు. వారు మన వాకిట నిలిచిన దినమున, విప్పి చూపుటకు మనయొద్ద ఒక పుటయైనను ఉండవలెను.