పట్టణ కౌన్సిలు – మన వార్డు మెంబరు

శ్రీకాకుళం జుమ్మా మసీదు 1641లో షేర్ మహమ్మద్ ఖాన్ కట్టించినది. అదే పట్టణంలో 1856లోను, విజయనగరంలో 1888లోను మునిసిపాలిటీలు ఏర్పడ్డాయి. కుళాయి నీరు, మురుగు కాలువ, వీధి దీపం, జనన మరణాల సర్టిఫికెట్టు – వీటి కోసం పేదవాడు మొదట తలుపు తట్టేది వార్డు మెంబరు ఇంటినే. ఈ జిల్లాల్లో మనం కొద్దిమందిమి. ఓట్ల లెక్కన గెలవడం అంత సులువు కాదు. అందుకే చట్టం మైనారిటీలకు కో-ఆప్షన్ స్థానాలు కల్పించింది. రెండు పట్టణాలూ తర్వాత కార్పొరేషన్లయ్యాయి. 2021 మార్చిలో విజయనగరానికి ఎన్నికలు జరిగాయి, శ్రీకాకుళానికి ఆ విడతలో జరగలేదు. ఎన్నికైన మెంబరు లేని చోట మన అర్జీని పట్టుకుని అడిగేదెవరు? కనుక ఓటర్ల జాబితాలో ఇంటిల్లిపాది పేర్లు సరిచూసుకోవాలనీ, చదువుకున్న మన పిల్లలు, ఆడపిల్లలతో సహా, ఈ సేవకు ముందుకు రావాలనీ సభ్యులందరికీ మనవి చేస్తున్నాము.