స్కాండినేవియన్ గుమ్మం: హౌరా ఇంటికి ఎంతవరకు నప్పుతుంది?

తెల్లని గోడ, లేత రంగు చెక్క బల్ల, నాలుగు కొక్కేలు, ఒక అద్దం. స్కాండినేవియన్ శైలి ముఖద్వారం అనగానే కనిపించే చిత్రమిది. 2018 ఆగస్టులో హైదరాబాద్ హైటెక్ సిటీలో ఐకియా దేశంలోనే తన తొలి దుకాణం తెరిచాక తెలుగువారికి ఈ శైలి మరింత దగ్గరైంది. అయితే చలిదేశపు ఏర్పాటును హౌరా వంటి తేమ నగరంలో యథాతథంగా దింపితే డబ్బు వృథా అవుతుంది.

ఈ శైలి ఎలా పుట్టింది?

డిసెంబరులో స్టాక్‌హోంలో పగలు సుమారు ఆరు గంటలే. దొరికిన కాస్త వెలుతురునూ ఇంట్లో పరచడానికే తెల్ల గోడలు, లేత చెక్క. మంచులో తడిసిన బూట్లు, బరువైన కోట్లు విప్పడానికి గుమ్మం లోపల కొంత చోటు తప్పనిసరి. స్వీడన్ చిత్రకారుడు కార్ల్ లార్షన్ తన ఇంటి బొమ్మలతో 1899లో వెలువరించిన పుస్తకం ఈ వెలుతురు నిండిన ఇంటికి ప్రచారం తెచ్చింది. ఆ ఇంటి వస్త్రాలు, సామాన్లలో చాలావాటిని రూపొందించినది ఆయన భార్య కారిన్.

హుగ్లీ ఒడ్డున డెన్మార్క్

హౌరా నుంచి లోకల్ రైల్లో సుమారు 20 కిలోమీటర్లు వెళ్తే శ్రీరాంపూర్ వస్తుంది. 1755 నుంచి 1845 వరకు అది ఫ్రెడరిక్స్‌నగర్ పేరుతో డెన్మార్క్ స్థావరం. 1814లో విలియం కేరీ తెలుగు వ్యాకరణం అచ్చయింది కూడా అక్కడే. 1806లో పూర్తయిన సెయింట్ ఓలావ్ చర్చి, 1786 నాటి డేనిష్ టావెర్న్ ఇటీవలి సంవత్సరాల్లో పునరుద్ధరణ పొందాయి. చర్చి ముందు స్తంభాల మండపం, ఎత్తైన కప్పు, లావు గోడలు గమనించదగ్గవి. బెంగాల్ ఎండవానల్లో ఇంటికి కావలసినవి నీడ, గాలి. స్కాండినేవియా వారికి వెలుతురు కొరత. ఇక్కడివారికి తేమ బెడద.

హౌరాలో ఏం మార్చుకోవాలి?

చెక్క: జూన్ నుంచి సెప్టెంబరు దాకా వానల్లో పొట్టు, జిగురుతో అదిమి చేసిన చవక బోర్డు తేమ పీల్చి ఉబ్బుతుంది. దాని బదులు టేకు, వెదురు, బెత్తం మేలు. సామాన్ల కాళ్లు నేలకు కొంచెం ఎత్తున ఉంటే చెద, నీరు రెండూ కనబడతాయి.

చెప్పుల స్టాండు: తలుపులున్న బీరువాలో తడి చెప్పులు బూజు పడతాయి. గాలి ఆడే పలకల స్టాండు మంచిది. గొడుగు నీరు కారడానికి పక్కన ఒక బకెట్టు చాలు.

పట్టాలు: హుగ్లీ తీరం జనపనార మిల్లులకు పెట్టింది పేరు. అయితే తడిసే చోట జనపనార త్వరగా కుళ్లుతుంది. గడప బయట కొబ్బరి పీచు పట్టా, లోపల పొడి నేలపై జనపనార పట్టా వేసుకోవచ్చు.

గోడ, నేల: చెమ్మ ఎక్కే పాత ఇటుక గోడకు ప్లాస్టిక్ రంగు పూస్తే పొరలుగా ఊడుతుంది, సున్నం గోడను ఊపిరి పీల్చనిస్తుంది. పాత ఇళ్లలోని ఎర్ర గచ్చును కప్పెయ్యక్కర్లేదు. తెల్ల గోడ పక్కన అదే ఇంటికి అందం.

వదులుకోనక్కర్లేనివి

నిరాడంబరత అంటే గుమ్మాన్ని బోసిగా ఉంచడం కాదు. పసుపు రాసిన గడప, మామిడి తోరణం, ముగ్గు తెలుగు ఇంటివి. ఆల్పన బెంగాలీ ఇంటిది. మిల్లుల్లో, రైల్వేలో పని కోసం తరలివచ్చిన తెలుగు కుటుంబాల గుమ్మాల్లో ఇవి రెండూ ఇమిడిపోతాయి. చెప్పులు గుమ్మం దగ్గరే విడిచే అలవాటు స్వీడన్‌కూ మనకూ ఉమ్మడిదే.

అన్నిటికన్నా ముఖ్యం దారి. ఫ్లాట్లలో చోటు చాలక చెప్పుల స్టాండు, కుండీలు, బల్లలు ఉమ్మడి మెట్ల దగ్గరికి చేరుతుంటాయి. 2010 మార్చిలో కోల్‌కతా పార్క్ స్ట్రీట్‌లోని స్టీఫెన్ కోర్ట్ అగ్నిప్రమాదంలో 40 మందికి పైగా చనిపోయారు. పొగ కమ్మిన చీకట్లో మనిషి వెతికేది మెట్లనే. ఆ దారిలో ఏ వస్తువు ఉన్నా, అది ఎంత అందమైనదైనా, అడ్డమే. అవసరానికి మించిన వస్తువు గుమ్మంలో ఉండకూడదన్నదే స్కాండినేవియన్ శైలి సారం. హౌరా ఫ్లాటుకు అన్నిటికన్నా ముందు పనికొచ్చేదీ అదే.