ఒంగోలు బాప్టిస్టు సంఘాలు: మాదిగపల్లె కట్టిన సమావేశం

తెలుగు బాప్టిస్టు సంఘాల సమావేశం చరిత్ర చెప్పమంటే ఎవరైనా శామ్యూల్ డే దొరతోనే మొదలుపెడతారు. ఆయన 1836లో విశాఖపట్నంలో దిగాడు, 1840లో నెల్లూరు చేరాడు. పాతికేళ్ళు పైపైకులాల చుట్టూ తిరిగినా మిషన్‌కు దక్కింది వేళ్ళ మీద లెక్కపెట్టేంతమందే. 1853లో అమెరికాలో ఈ మిషన్ను మూసేద్దామా అనే దాకా వచ్చింది. ఇది మిషన్ చరిత్ర. సంఘాల చరిత్ర వేరే చోట మొదలైందని మేమంటాం.

తాళ్ళకొండపాడు మాదిగ యర్రగుంట్ల పేరయ్య తోళ్ళ వ్యాపారి. క్రైస్తవుడు కాకముందే యోగమార్గంలో గురువు దగ్గర నేర్చి, తానే పదిమందికి చెప్పినవాడు. వ్యాపారం మీద ఉత్తరాదికి పోయినప్పుడు ఈ కొత్త మతం సంగతి విన్నాడు. 1866లో ఆయనా, భార్య నాగమ్మా బాప్తిస్మం తీసుకున్నారు. దొరలు పేరయ్యను వెతుక్కుంటూ పోలేదు, పేరయ్యే వాళ్ళను వెతుక్కుంటూ వచ్చాడు. 1867 జనవరి 1న ఒంగోలు సంఘం పెట్టినప్పుడు సభ్యులు ఎనిమిదిమంది. మాదిగలను చేర్చుకుంటే మేం ఉండమని బ్రాహ్మణ విద్యార్థులు అడ్డం తిరిగారు. క్లౌ దొర మాదిగల పక్షానే నిలబడ్డాడు.

చేరినవాళ్ళకు పెట్టిన కట్టుబాట్లు మూడే: ఆదివారం పని చెయ్యకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. చూడ్డానికి మతం మాటలే. కానీ వెట్టివాడు వారానికొక రోజు రానంటే ఊరి పెత్తనం ఏం కావాలి? జాతరలో డప్పు కొట్టనంటే? కరణాలూ రైతులూ కక్షగట్టింది దేవుడి మీద కాదు, ఈ ‘రాను’ అనే మాట మీద.

ఇక కరువు. 1876-78 కరువులో క్లౌ బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకం కాంట్రాక్టు తీసుకున్నాడు. మాదిగ బోధకులే మేస్త్రీలు. జనం కూలి చేసి బతికారు. ‘కూటి కోసం కలిశారు’ అనే నింద అప్పట్నించీ ఉంది, నేటికీ వింటున్నాం. ఆ నింద వేసేవాళ్ళు తేదీలు చూడరు. సాయం పంచుతున్నన్నాళ్ళూ క్లౌ బాప్తిస్మాలు ఆపేశాడు. మళ్ళీ మొదలుపెట్టాక, 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది దిగారు. బాప్తిస్మమిచ్చింది ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున వంతులేసుకుని. ఆ ఏడాది చివరికి లెక్క తొమ్మిది వేలు దాటింది. కూడు దొరికినప్పుడు ఇవ్వని బాప్తిస్మం, కూలి అయిపోయాక అడిగి తీసుకున్నారు.

ఇంతమందిని నడపటం ఒక దొర వల్ల అయ్యే పనేనా? క్లౌ మాదిగపల్లె పంచాయితీనే సంఘ పాలనకు వాడుకున్నాడు. పల్లె పెద్దలే సంఘ పెద్దలయ్యారు. మూడు నెలలకోసారి బోధకులు ఒంగోలులో కూడి తగాదాలు, కష్టాలు, లెక్కలు మాట్లాడుకునేవాళ్ళు. 1962లో నెల్లూరు కేంద్రంగా ఏర్పడ్డ సమావేశానికి అసలు పునాది ఈ కూడికల్లోనే కనబడుతోంది మాకు. కాయితాల మీద రాసుకోవటం తర్వాతి సంగతి. పెత్తనం దొరల నుంచి మనవాళ్ళకు వచ్చినప్పుడు ఆస్తులూ వచ్చాయి, ఆస్తులతోపాటు కోర్టు మెట్లూ వచ్చాయి.

ఈలోగా రాజ్యం వేరే లెక్క రాసింది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు క్రైస్తవుడైన మాదిగను షెడ్యూల్డు కులాల జాబితాలోంచి తీసేసింది. మన రాష్ట్రంలో బి.సి.-సి కింద ఒక శాతం మిగిలింది. అందుకే గుండ్లకమ్మలో దిగినవాళ్ళ మునిమనవళ్ళు చాలామందికి సంఘంలో ఒక పేరు, బడి రిజిస్టరులో ఇంకో పేరు.