దిడ్డి తలుపు

మా అత్తగారి పుట్టిల్లు జనగామ దగ్గర ఓ పల్లె. పాత ఇళ్ళంటే నాకు మొదట్నించీ పిచ్చి. కొత్త కోడలిగా ఆ ఊరు వెళ్ళిన మర్నాడే "గడీ చూపించరూ?" అని ఆవిణ్ణి అడిగాను.

"అండ్ల ఏమున్నదని చూస్తవు బిడ్డా? మా చిన్నప్పుడు దాని ముందటి నుంచి చెప్పులు చేతుల పట్టుకొని నడిచేటోళ్ళం" అన్నారు. అయినా తీసుకెళ్ళారు.

గడీ అంటే దొరగారి ఇల్లొక్కటే కాదు. కచేరీ, ధాన్యం కొట్లు, అవసరమైతే బందిఖానా, అన్నీ ఒకే ప్రహరీలో. రాయీ డంగుసున్నమూ కలిపి లేపిన గోడలు, మూలల్లో బురుజులు, ఏనుగు పట్టేంత దర్వాజా. ఆ పెద్ద తలుపులోనే వంగి దూరాల్సిన చిన్న దిడ్డి తలుపు! లోపల మాత్రం వేరే లోకం. చుట్టూ వసారాలు, నున్నటి టేకు స్తంభాలు, నడుమ ఆకాశం కనిపించే వాకిలి. కమానుల మీద సున్నపు లతల్ని చూస్తూ నేను నోరు తెరిచేశాను.

ఐరోపాలో బరోక్ కాలపు ప్రభువులు నగరాల్లో మేడలు కట్టుకుంటే, సింగారమంతా వీధివైపే. దారినపోయేవాళ్ళు చూసి అబ్బురపడాలి కదా! గడీకి ఆ తాపత్రయం లేదు. వీధికి గోడ చూపిస్తుంది, జనం భయపడితే చాలు. వియన్నాలో సేనాని యూజీన్ ప్రభువు మేడలో మెట్లను మోస్తున్నట్టు రాతిమనుషుల్ని చెక్కి నిలబెట్టారు. గడీకీ మోసేవాళ్ళున్నారు గానీ, వాళ్ళు రాతివాళ్ళు కారు. కుమ్మరి కుండలు, చాకలి బట్టలు, బోయీలు మోసే మేనా, అంతా కూలి లేని వెట్టి.

ఆడబాపల సంగతి విన్నారా? దొర కూతురు కాపురానికి వెళ్తుంటే సారెతోపాటు దాసీపిల్లల్ని కూడా పంపేవారు. వాళ్ళే ఆడబాపలు. "వాళ్ళెక్కడ పడుకునేవారు?" అని అడిగాను. "ఏడ జాగుంటే ఆడ" అన్నారత్తగారు. నా పెళ్ళిలో సారె సామాను తగ్గిందని మూడ్రోజులు అలిగిన సంగతి గుర్తొచ్చి తల దించుకున్నాను.

ఆ ప్రాంతంలో విసునూరు దేశముఖ్ రామచంద్రారెడ్డి గడీ అంటే జనానికి హడల్. 60 గ్రామాల మీద పెత్తనం. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ మల్లంపల్లి దొర దగ్గర భూమి కౌలుకు తీసుకుంటే, ఆ పంట తనదేనని దేశముఖ్ మనుషుల్ని పంపాడు. ఆవిడ బెదరలేదు. సంఘం వాళ్ళ అండతో ధాన్యం ఇంటికి చేర్చుకుంది. 1946 జూలై 4న కడవెండిలో ఊరేగింపు మీద దేశముఖ్ మనుషులు కాల్పులు జరిపితే దొడ్డి కొమరయ్య నేలకొరిగాడు. దాంతో ఊళ్ళకు ఊళ్ళే కదిలాయి. 1949లో జాగీర్దారీ రద్దయింది.

గడీలు చాలావరకు కూలిపోయాయి. శ్రద్ధగా బాగుచేసిన దోమకొండ గడీకి 2022లో యునెస్కో పురస్కారం వచ్చింది. సంతోషమే!

హైదరాబాదు కోఠీలో, ఇంగ్లీషు రెసిడెంటు కోసం 19వ శతాబ్దం మొదట్లో కట్టిన స్తంభాల మేడ ఉంది కదా, ఆ ఆవరణలోని మహిళా విశ్వవిద్యాలయానికి 2024లో ఐలమ్మ పేరు పెట్టారు. మా మనవరాలు అక్కడే చదువుతోంది. మొన్న దాన్ని దింపడానికి వెళ్ళాను. చెప్పులు టకటకలాడించుకుంటూ పెద్ద గేటులోంచి వెళ్ళిపోయింది, వెనక్కి తిరిగైనా చూడకుండా.